గింజల వెంట నడిచిన చావు

(హనుమకొండలో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకు వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. సరే.

నాకిచ్చిన అంశం మధ్యయుగాల ప్లేగు. పుస్తకాల్లో నల్ల చావు అంటారు, బ్లాక్ డెత్. ఆ పేరు ఆ కాలంవాళ్ళు పెట్టుకున్నది కాదు. వాళ్ళు పెద్ద చావు అన్నారు, అంతే. నలుపు తర్వాత తరాలవాళ్ళు పులిమింది. 1346 నుంచి 1353 దాకా, ఏడెనిమిదేళ్ళలో, యూరప్ జనాభాలో మూడోవంతు నుంచి సగం దాకా తుడిచిపెట్టుకుపోయింది. ఈజిప్టు, సిరియా కూడా అట్లాగే దెబ్బతిన్నాయి.

ముందుగా నా తప్పొకటి ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పాను. ప్రతి ఏడూ ఈ పాఠాన్ని ఒకే కథతో మొదలుపెట్టేవాణ్ణి. నల్లసముద్రం ఒడ్డున, క్రిమియాలో, కఫా అని ఒక రేవు పట్నం. ఇప్పటి పేరు ఫియొదోసియా. అది ఇటలీలోని జెనోవా వర్తకులది. దాన్ని మంగోలు ఖాను జానీ బేగ్ ముట్టడించాడు. ముట్టడిలో ఉన్న సైన్యంలోనే రోగం పుట్టింది, సైనికులు పిట్టల్లా రాలిపోయారు. అప్పుడు ఖాను ఏం చేశాడట? రాళ్ళు విసిరే యంత్రాల్లో శవాలను పెట్టి కోటగోడ మీంచి ఊళ్ళోకి విసిరించాడట. ఊళ్ళో రోగం అంటుకుంది, జెనోవావాళ్ళు ఓడలెక్కి పారిపోయారు, ఆ ఓడలతో రోగం యూరప్ చేరింది. ఈ కథ చెబితే వెనక బెంచీవాడు కూడా నిద్ర లేచి కూర్చునేవాడు. ఇప్పుడది వాట్సాప్‌లో కూడా తిరుగుతోంది, "ప్రపంచంలో తొలి జీవాయుధం" అని.

ఆ కథ రాసినవాడు గాబ్రియేలే ద ముస్సీ. ఇటలీలో పియచెంజా అనే ఊళ్ళో నోటరీ. మన దస్తావేజులు రాసే లేఖరి లాంటివాడనుకోండి. ఆయన ఆ ముట్టడిని చూసినవాడు కాదు, విని రాశాడు. అక్కడ ఉండి చూసినవాడు రాసిన మాట ఒక్కటి కూడా మనకు మిగల్లేదు. అయినా శవాలు విసిరారా లేదా అన్నది కాదు నా పేచీ. విసిరే ఉండొచ్చు. నా పేచీ ఏమిటంటే, ఈ కథలో ప్లేగు ఎట్లా నడుస్తుందో తెలిసినవాడికి మింగుడుపడని సంగతి ఒకటుంది. శవం చల్లబడగానే రోగాన్ని మోసే పురుగు ఆ ఒంటిని వదిలి వెళ్ళిపోతుంది. అది వెచ్చదనం ఉన్నచోటే ఉంటుంది. చచ్చిన మనిషిని విసిరితే భయం పుడుతుంది కానీ, ప్లేగు పుట్టాలంటే అది దొడ్డిదారి. రాజమార్గం వేరే ఉంది.

ఆ రాజమార్గం చెప్పడానికి మా నాయన దుకాణానికి పోవాలి.

మా నాయన వరంగల్ పాత గ్రెయిన్ మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. సెలవుల్లో నేను వెంట పోయేవాణ్ణి. ముందు గదిలో గద్దె, పద్దు పుస్తకాలు, కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయి. వెనక కొట్టు. ఆ కొట్టు తలుపు తీస్తే ఒక వాసన వచ్చేది. గోనెపట్ట వాసన, తవుడు వాసన, దాని కింద ఎలుక మూత్రం వాసన. బస్తాలు నిట్టాడి ఎత్తున, పై వాసం తగిలేదాకా ఉండేవి. పొద్దున్నే హమాలీలు పైబస్తా దించితే దాని కింద గుప్పెడు పొట్టు, కొరికిన జనపనార, ఎర్రటి ఎలుకపిల్లలు. కళ్ళు తెరవనివి, చిటికెన వేలంత. ఒక హమాలీ వాటిని గోనెగుడ్డలో చుట్టి బయట పడేసి, వెంటనే చేతులు రెండూ దులుపుకునేవాడు, మోచేతుల దాకా. ఎందుకన్నా అంటే "కుడతయి బిడ్డా, కండ్లకు కనబడవు" అనేవాడు. నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ కుట్టేది ఫ్లీ అనే పురుగు. పేను కాదు, గోమారి కాదు. రెక్కల్లేవు, గెంతుతుంది. ఆవగింజంత ఉంటుంది. నల్ల ఎలుక ఒంటిమీద రక్తం తాగి బతుకుతుంది. దాని పిల్లపురుగులు మాత్రం నేల మీద, దుమ్ములో, గింజల పొట్టులో పెరుగుతాయి. ధాన్యపు కొట్టు వాటికి పుట్టిల్లు. ఎలుక లేకపోయినా పెద్దపురుగు కొన్ని వారాలు ఉపవాసం ఉండగలదు.

ప్లేగు సూక్ష్మజీవి పేరు యెర్సీనియా పెస్టిస్. 1894లో హాంకాంగ్‌లో దాన్ని పట్టుకున్న యెర్సిన్ అనే ఆయన పేరే పెట్టారు. అది ఆ పురుగు పొట్టలోకి పోయాక ఒక గమ్మత్తు చేస్తుంది. పురుగు గొంతు కింద, పొట్ట మొదట్లో, గడ్డకట్టి అడ్డం పడుతుంది. మోరీకి గుడ్డపేలిక అడ్డం పడ్డట్టు. పురుగు రక్తం పీలుస్తుంది కానీ లోపలికి దిగదు. ఆకలి తీరదు. ఇంకా కుడుతుంది, ఇంకోణ్ణి కుడుతుంది. పీల్చిన రక్తం అడ్డానికి తగిలి వెనక్కి చిమ్మి, సూక్ష్మజీవులతో సహా కుట్టిన గాయంలోనే పడుతుంది. ఆకలితో చచ్చేలోగా ఆ పురుగు ఎంతమందిని కుట్టగలిగితే అంతమందినీ కుడుతుంది. అది పగబట్టి చేసే పని కాదు పాపం, దానికి అన్నం దిగడం లేదు.

ముందు ఎలుకలు చస్తాయి. ఒక్కొక్కటిగా కాదు, గుంపులు గుంపులుగా. ఎలుక చచ్చి చల్లబడితే పురుగులు ఇంకో ఎలుక మీదికి పోతాయి. ఆఖరికి ఎలుకలే మిగలవు. అప్పుడు మనిషిని చూస్తాయి. ఎలుకల్లో రోగం మొదలైన దగ్గర్నుంచి మనుషుల్లో మొదటి చావు దాకా సుమారు మూడు వారాలు. ఈ మూడు వారాలు గుర్తుపెట్టుకోండి, కథంతా అందులోనే ఉంది. మనిషికి గజ్జల్లో, చంకల్లో, మెడ కింద బిళ్ళలు కడతాయి. కోడిగుడ్డంత, ఒక్కోసారి ఇంకా పెద్దవి. మందు లేని కాలంలో బిళ్ళల ప్లేగు వచ్చిన పదిమందిలో అయిదారుగురు పోయేవాళ్ళు. ఊపిరితిత్తుల్లోకి దిగి, దగ్గుతో నెత్తురు పడితే ఇక మిగిలేవాడు లేడు. అప్పుడు ఎలుకతో, పురుగుతో పనిలేదు. మనిషి తుంపరే మనిషికి అంటించేస్తుంది.

ఈ పురుగు సంగతి తేల్చింది మన ఉపఖండంలోనే. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు ఒక సీసా తీసుకుని, అడుగున ప్లేగు సోకిన ఎలుకను పెట్టాడు. అది చచ్చేలోపు పైన చిన్న పంజరంలో ఆరోగ్యంగా ఉన్న ఎలుకను వేలాడదీశాడు. రెండూ ఒకదాన్నొకటి తాకలేవు. మధ్యలో పురుగు మాత్రం గెంతగలదు. కొన్నాళ్ళకు పై ఎలుకా ప్లేగుతో చచ్చింది. అంత చిన్న ప్రయోగం. చాలాకాలం ఎవరూ నమ్మలేదు కూడా. పొరుగు బొంబాయిలో అప్పటికి రెండేళ్ళుగా ప్లేగు. మొత్తం మీద ఆ విడతలో మన దేశంలో కోటి మందికి పైగా పోయారు. దక్కన్ పల్లెల్లో మాత్రం డాక్టర్లు చెప్పకముందే జనానికి ఒక లెక్క తెలిసిపోయింది. ఇంట్లో ఎలుకలు రాలితే ఊరు వదిలిపెట్టి చేలల్లో గుడిసెలు వేసుకోవాలి. ఇంతకు మించిన వైద్యం ఆరోజుల్లో ఏ దేశంలోనూ లేదు.

ఇప్పుడు మళ్ళీ దాదాపు ఏడు శతాబ్దాలు వెనక్కి రండి.

కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్ కుల్ అని పెద్ద సరస్సు. దాని పడమటి దిక్కున కారా జిగాచ్ అని ఒక పాత శ్మశానం. చైనా నుంచి మధ్యధరా దాకా పోయే వర్తక దారి మీద బతికిన క్రైస్తవ సమాజం వాళ్ళది. సమాధి రాళ్ళ మీద సిరియాక్ లిపిలో రాసుకున్నారు. ఆ చుట్టుపక్కల తేదీ వేసిన రాళ్ళు 467 దొరికాయి. దాదాపు వందేళ్ళ రాళ్ళవి. వాటిలో 118 ఒక్క 1338, 1339 సంవత్సరాలవే. ఒక రాయి మీద సన్మక్ అనే విశ్వాసి పేరుంది. వాళ్ళ లెక్కలో సంవత్సరం 1649, పులి సంవత్సరం. మౌతానాతో పోయాడు అని ఉంది. మౌతానా అంటే మారి. ఇన్నేళ్ళకు 2022లో ఆ శ్మశానంలోని పళ్ళ లోపలి పొడి తీసి పరీక్షిస్తే ప్లేగు సూక్ష్మజీవి జన్యువు దొరికింది. తర్వాత యూరప్‌ను ఊడ్చిన వంశాలన్నిటికీ మూలానికి ఇది అతి దగ్గరి కొమ్మ.

అదే శ్మశానంలో ఇంకొన్ని దొరికాయి. హిందూ మహాసముద్రపు ముత్యాలు, మధ్యధరా పగడాలు, పరదేశపు నాణాలు. మన సముద్రపు ముత్యం మెడలో వేసుకున్న మనిషి అక్కడ, ఆ కొండల్లో పడుకుంది. దారి అంటే అది. ముత్యం ఎక్కిన దారి ఎలుకా ఎక్కింది, అంతే.

అక్కడ్నుంచి కఫాకు మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు. 1338లో ఇక్కడుంది, 1346లో అక్కడికి చేరింది. ఎనిమిదేళ్ళు పట్టింది. గుర్రం మీద పోయే దూత కొన్ని నెలల్లో చేరే దూరం. మరి రోగానికి ఎనిమిదేళ్ళు ఎందుకు? అది గుర్రం ఎక్కదు కనక. ఒక ఊరి ఎలుకల్ని తిని, మూడు వారాలు ఆగి, బస్తాలోనో దుప్పటిలోనో ఎక్కి పక్క ఊరికి పోయి, మళ్ళీ ఎలుకల్ని వెతుక్కుంటుంది. చరిత్రకారుల లెక్కలో నేల మీద రోజుకు ఒకటి రెండు కిలోమీటర్లు. ఓడ ఎక్కితే మాత్రం రోజుకు నలభై. ఇంక దానికి సముద్రం దొరికేదాకా కథ నెమ్మదిగా నడిచింది.

సముద్రం ఎట్లా దొరికిందో చూడండి. ఇక్కడే నా పాత పాఠం తప్పు. 1343లో తానా అనే రేవులో ఒక వెనిస్ వర్తకుడు గొడవలో స్థానికుణ్ణి చంపాడు. ఖానుకు కోపం వచ్చి ఇటలీ వాళ్ళందర్నీ తరిమాడు. వాళ్ళు కఫాలో తలదాచుకుంటే కఫాను ముట్టడించాడు. ప్రతిగా వెనిస్, జెనోవా రెండూ ఖాను రేవులతో వర్తకం బందు పెట్టాయి. కొట్టుల్లో గోధుమలు మూలుగుతున్నాయి, కొనే ఓడ లేదు. ఇటు ఇటలీలో ఏం జరుగుతోంది? 1345, 46, 47 వరసగా వేసవులు చల్లబడిపోయాయి. ఆ కాలపు చెట్ల మానుల్లోని వలయాల్లో ఆ సంగతి ఇప్పటికీ కనిపిస్తుంది. ఎక్కడో అగ్నిపర్వతం పేలి, ఆ పొగ ఎండను కప్పేసిందని ఈ మధ్య కొందరు వాదిస్తున్నారు. పంట పోయింది. 1347 నాటికి ఇటలీ పట్నాల్లో కరువు. రొట్టె కోసం తొక్కిసలాటలు. ఖానుతో పేచీ ఎవరికి కావాలి? ఆ ఏడే సంధి చేసుకున్నారు. బందు ఎత్తేశారు. ఓడలు కట్టలు తెగినట్టు నల్లసముద్రానికి పోయాయి. గోధుమలు నింపుకుని వచ్చాయి.

1346లో కఫా నుంచి ప్రాణభయంతో పారిపోయిన ఓడలే రోగాన్ని తెచ్చి ఉంటే, ఆ ఏడే ఇటలీలో చావులు మొదలు కావాలి. మొదలు కాలేదు. సంధి కుదిరి, గోధుమ ఓడలు కదిలాకే మొదలయ్యాయి. హానా బార్కర్ అనే చరిత్రకారిణి 2021లో ఈ తేదీలన్నీ వరసగా పేర్చి చూపించింది. ఆమె వ్యాసం చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు నేను యుద్ధం చెప్పాను. నా ముందున్నది అడ్తి దుకాణం.

యుద్ధం తెచ్చిందంటే కథ బాగుంటుంది. సంధి తెచ్చిందంటే ఎవరికీ నచ్చదు. ఆకలితో ఉన్న ఊరికి అన్నం పంపినవాళ్ళే తెచ్చారంటే అసలు నచ్చదు. అయినా గోధుమ తేవడం తప్పని నేను అనడం లేదు. తేకపోతే ఆ జనం ఇంకో రకంగా పోయేవాళ్ళు.

ఆ తర్వాత వరస మీకు తెలిసిందే, త్వరగా చెబుతాను. 1347లో కాన్‌స్టాంటినోపుల్. చక్రవర్తి ఆరో జాన్ చిన్నకొడుకు ఆండ్రోనికోస్ కూడా పోయాడు. ఆ శరత్తులోనే అలెగ్జాండ్రియా, అక్కడ్నుంచి నైలు మీద కైరో. అక్టోబరులో సిసిలీలోని మెస్సీనా రేవుకు పన్నెండు జెనోవా ఓడలు వచ్చాయి. నవంబరులో మార్సేల్. 1348 జనవరికి వెనిస్, జెనోవా, పీసా. వేసవికి పారిస్, ఇంగ్లండు దక్షిణ తీరం. 1349లో నార్వే. 1353కు మాస్కో. పటం మీద గీత గీస్తే యూరప్ చుట్టూ తాడు చుట్టినట్టు ఉంటుంది. మొదట తీరం, ఆ తర్వాత నదులు, ఆఖరున లోపలి పల్లెలు. మొదలైన చోటికి దగ్గర్లో ఉన్న మాస్కోకు అది పశ్చిమం అంతా తిరిగి చిట్టచివర చేరింది. ఎందుకంటే అటు సరుకు పోయే దారి అట్లా ఉంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన, ఇష్టం అనకూడదు, మరిచిపోలేని సాక్ష్యం నార్వేది. బెర్గెన్ రేవుకు ఇంగ్లండు నుంచి ఒక ఓడ వచ్చిందని ఐస్‌లాండ్ వాళ్ళ వార్షిక వృత్తాంతాల్లో ఉంది. సరుకు కొంత దింపారు. ఇంకా పూర్తిగా దించనే లేదు, ఓడలో వాళ్ళంతా చచ్చిపోయారు. దింపిన సరుకు ఊళ్ళోకి చేరిందో లేదో, ఊరివాళ్ళు చావడం మొదలుపెట్టారు. రాసినవాడికి సూక్ష్మజీవి తెలియదు, పురుగు తెలియదు. కానీ మనుషులు వచ్చాక అని రాయలేదు, సరుకు ఊళ్ళోకి వచ్చాక అని రాశాడు. గుమస్తా కన్ను అది.

ఇక ఐస్‌లాండ్. ఆ ఏడు బెర్గెన్‌లో ఓడలు నడిపేవాళ్ళే మిగల్లేదు. అందుకని ఐస్‌లాండ్‌కు ఓడ పోలేదు. ఓడ పోలేదు కనక ప్లేగూ పోలేదు. యాభై ఏళ్ళు తప్పించుకుంది. 1402లో ఒక ఓడ పోయింది, దాంతో ప్లేగూ పోయింది. అక్కడ ఎలుకలు ఉన్న దాఖలాలు లేవంటారు, అది ఇంకో చిక్కు. దాని దగ్గరికి వస్తాను.

అప్పటివాళ్ళు దీన్ని ఏమనుకున్నారో వింటే మనకు నవ్వు రావచ్చు. నవ్వకండి, మన పంచాంగం కూడా ఇంట్లోనే ఉంది. (నవ్వులు) 1348లో ఫ్రాన్సు రాజు పారిస్ విశ్వవిద్యాలయం వైద్యులను కారణం అడిగాడు. వాళ్ళు చెప్పారు: 1345 మార్చి 20న శని, గురుడు, కుజుడు ముగ్గురూ కుంభరాశిలో కలిశారు, దాంతో గాలి చెడింది. చెడ్డ గాలి సిద్ధాంతం. అందుకని అవిన్యోన్‌లో ఆరో క్లెమెంట్ పోపుగారు రెండు పెద్ద మంటల మధ్య కూర్చున్నాడు, వేసవిలో కూడా. ఆయన బతికాడు. కారణం తప్పు, ఫలితం మాత్రం కొంత ఒప్పు. ఆ వేడికి ఎలుకలు, పురుగులు దగ్గరికి రాలేదేమో. ఆయన వైద్యుడు గీ ద షోలియాక్‌కు రోగం తగిలింది, బిళ్ళ కట్టింది, బతికి బయటపడ్డాడు. నెత్తురు కక్కేదొకటి, బిళ్ళలు కట్టేదొకటి, రెండు రకాలున్నాయని స్పష్టంగా విడదీసి రాసింది ఆయనే. చాలామంది వైద్యులు పారిపోయారని కూడా ఆయనే సిగ్గుపడుతూ రాశాడు.

గ్రనడాలో ఇబ్న్ అల్ ఖతీబ్ అని మంత్రి, కవి, వైద్యుడు. ఆయన గ్రహాల దగ్గర ఆగలేదు. రోగితో తిరిగినవాడికి వస్తోంది, దూరంగా ఉన్నవాడికి రావడం లేదు, ఇది కళ్ళెదుటి సంగతి అన్నాడు. బట్ట ద్వారా వస్తుంది, గిన్నె ద్వారా వస్తుంది, ఆఖరికి చెవిపోగు ద్వారా కూడా అన్నాడు. అంటురోగం అనేదే లేదు, అంతా దైవేచ్ఛ అన్న మాట మతపెద్దల నోట గట్టిగా వినపడే కాలంలో ఆ మాట రాయడం చిన్న సంగతి కాదు.

డమాస్కస్‌లో 1348 వేసవిలో ఇబ్న్ బతూతా ఉన్నాడు. మన దేశం తిరిగి వెళ్ళినవాడే. మూడు రోజులు ఉపవాసం ఉండి, నాలుగో రోజు ఊరు ఊరంతా చెప్పుల్లేకుండా నడిచిందని రాశాడు. ముస్లింలు ఖురాను పట్టుకుని, యూదులు తౌరాతు పట్టుకుని, క్రైస్తవులు సువార్త పట్టుకుని. ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ.

ఆ ఏడాదే అటు యూరప్‌లో ఇంకో రకం జరిగింది. యూదులు బావుల్లో విషం కలిపారన్న పుకారు పుట్టింది. సవాయ్‌లో కొందర్ని చిత్రహింసలు పెట్టి ఒప్పించారు, ఆ ఒప్పుకోలు కాగితాలు ఊరూరా పంపారు. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో యూదులను వందల సంఖ్యలో తగలబెట్టారు. గమనించండి, ఆ రోజుకు స్ట్రాస్‌బర్గ్‌లోకి ప్లేగు ఇంకా రానే లేదు. రోగం కంటే పుకారు ముందు చేరింది. పుకారుకు మూడు వారాలు ఆగక్కర్లేదు కదా. యూదులు కూడా అదే రోగంతో చస్తున్నారు, యూదులే లేనిచోట కూడా రోగం ఉంది, ఇది వాళ్ళ పనెట్లా అవుతుంది అని మంటల మధ్య కూర్చున్న ఆ పోపుగారే రెండుసార్లు ఆజ్ఞలు రాయించాడు. ఎవరు విన్నారు? బాకీ పత్రాలు కూడా ఆ మంటల్లో పోయాయి, అది చాలామందికి కలిసొచ్చింది.

పెద్ద సంఖ్యలు చెబితే మనసుకు ఎక్కవు. సియెనాలో ఆన్యోలో ది తూరా అని ఒక వృత్తాంతకారుడు. లెక్కలన్నీ రాస్తూ మధ్యలో ఒక్క వాక్యంలో రాశాడు, తన అయిదుగురు పిల్లల్నీ తన చేతులతోనే పూడ్చానని. మళ్ళీ లెక్కల్లోకి వెళ్ళిపోయాడు. ఆ ఊళ్ళో చర్చిని ప్రపంచంలోకెల్లా పెద్దది చేద్దామని గోడలు లేపుతున్నారు అప్పటికి. ఆగిపోయింది. ఆ మొండిగోడ ఇప్పటికీ అట్లాగే ఉంది. తునిస్‌లో ఇబ్న్ ఖల్దూన్‌కు అప్పుడు పదిహేడేళ్ళు. తల్లి, తండ్రి, చదువు చెప్పిన గురువులు, అందరూ పోయారు. తర్వాత చరిత్రను కొత్తగా ఆలోచించినవాడు ఆ అనాథ కుర్రాడే.

ఇప్పుడు మీలో కొందరి మనసులో ఉన్న ప్రశ్న. ఇందాక ప్రసంగానికి ముందే ఒకాయన అడిగారు. "సార్, ఇదంతా ఓరుగల్లులోనే మొదలైందట కదా?" ఎక్కడో చదివారట. అది గాలి కబురు కాదు, దానికో పునాది ఉంది. 1335 ప్రాంతంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ మధురలో, అంటే మదురైలో, తిరగబడ్డ గవర్నరు మీదికి సైన్యంతో బయల్దేరి ఇక్కడికి వచ్చాడు. ఓరుగల్లులో సైన్యానికి మారి తగిలింది. పెద్దసంఖ్యలో చనిపోయారు. సుల్తాను కూడా మంచం పట్టాడు. మదురై పోకుండానే వెనక్కి తిరిగాడు. ఢిల్లీ పట్టు సడలింది. ఆ తర్వాత ఏడాదికో అటుఇటుగానో ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తీసుకున్నాడు. మన చరిత్రను ఆ రోగం మలుపు తిప్పిందంటే నేను ఒప్పుకుంటాను.

కానీ అది ప్లేగు అనడానికి ఆధారం లేదు. బిళ్ళలు కట్టాయని ఆ వివరాల్లో లేదు. ఎలుకలు రాలాయని లేదు. వేసవిలో, వానల్లో, కొత్త నీళ్ళు తాగే పెద్ద దండుకు వచ్చేది చాలావరకు గత్తరే, అంటే కలరా. లేకపోతే విరేచనాలు, జ్వరాలు. మదురైలో పదేళ్ళ తర్వాత అదే ఇబ్న్ బతూతా ఇంకో మారిని చూశాడు. ఆరోగ్యంగా ఉందని పూచీ ఇస్తే ఒక బానిసపిల్లను కొన్నాడట, మర్నాడే చచ్చిపోయింది. పాత చరిత్రకారులు కొందరు ఈ రెండూ తెచ్చి నల్ల చావుకు ముడిపెట్టారు. ముడి నిలవదు. ప్రపంచాన్ని ఊపేసిన ప్రతిదానికీ మన ఊరే మొదలు కావాలన్న సరదా మనకుంది, ఈ ఒక్కదాన్ని వదిలేసుకుందాం. (నవ్వులు)

ఎలుకల చిక్కు చెప్తానన్నాను. ఉత్తర యూరప్‌లో చలి ఎక్కువ, నల్ల ఎలుకలు తక్కువ. అయినా పల్లెపల్లెకూ ఎట్లా పాకింది? 2018లో కొందరు శాస్త్రవేత్తలు పాత చావుల లెక్కలను గణిత నమూనాల్లో పెట్టి చూసి, ఎలుకల పురుగు కంటే మనిషి ఒంటి పేను, మనిషి మీది ఫ్లీ పురుగు లెక్కకు బాగా సరిపోతున్నాయన్నారు. ఇంకొందరు ఒప్పుకోలేదు. నా మట్టుకు నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. రేవు నుంచి రేవుకు తెచ్చింది ఎలుక, గోధుమ. ఇంట్లోకి వచ్చాక, చలికి ఒకే దుప్పట్లో ఆరుగురు పడుకునే ఇంట్లో, దాన్ని పంచింది ఆ దుప్పటి. చచ్చినవాడి కోటు తొడుక్కునే పేదరికం కూడా ఒక వాహనమే.

దీన్ని ఆపడానికి మొదట సరైన పని చేసింది కూడా వర్తకులే. వైద్యులు కాదు. 1377లో రగూసా, ఇప్పటి దుబ్రోవ్నిక్, ఒక చట్టం చేసింది. రోగమున్న ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఊళ్ళోకి రావడానికి ముందు పక్కనున్న చిన్న దీవిలోనో, కావ్తాత్ అనే పక్క ఊళ్ళోనో 30 రోజులు ఉండాలి. వర్తకం పూర్తిగా ఆపితే ఊరు ఎండిపోతుంది, ఆపకపోతే ఊరు చస్తుంది. మధ్యేమార్గం పట్టారు. తర్వాత్తర్వాత ఆ 30 కాస్తా 40 అయింది. వెనిస్ భాషలో నలభైని క్వారంటా అంటారు. ఆ నలభై రోజులకు క్వారంటైన్ అన్న పేరు వచ్చింది. ఇందాక చెప్పిన మూడు వారాలు గుర్తున్నాయి కదా, ఎలుకల్లో మొదలై మనిషి చావు దాకా పట్టేవి? నలభై రోజులంటే ఆ మూడు వారాలూ పోయి ఇంకా మిగులుతాయి. వాళ్ళకు ఎలుక సంగతి తెలియదు. యేసు అడవిలో ఉపవాసం ఉన్నది నలభై రోజులు, ఈస్టరుకు ముందు వాళ్ళు ఉపవాసాలుండే లెంటు నలభై రోజులు, ఆ అంకె అట్లా మనసులో ఉంది. అయినా సరిపోయింది.

ఆ మాట మన దాకా వచ్చింది. హైదరాబాదులో నల్లకుంట ఫీవరాస్పత్రిని పాతవాళ్ళు ఇప్పటికీ ఏమంటారు? (సభలోంచి: "కోరంటి!") ఆ, కోరంటి దవాఖాన. క్వారంటైన్ నలిగి నలిగి కోరంటి అయింది. మా చిన్నప్పుడు మా తమ్ముడికి జ్వరం వచ్చి గొంతు పూడుకుపోతే ఇక్కడ్నుంచి రైల్లో అక్కడికే తీసుకుపోయారు. మా అమ్మ గేటు బయట చెట్టు కింద, టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. "కోరంటి అంటే ఏందిరా?" అని నన్ను అడిగింది. నేను ఆరో తరగతి, నాకేం తెలుసు. పక్కన సోడా బండి ముసలాయనను అడిగాను. "పోరగాళ్ళను కోరి అంటే దవాఖాన" అన్నాడు. (నవ్వులు) మా అమ్మ ఆ అర్థమే నమ్మింది, పోయేదాకా. మా తమ్ముడు నలభై రోజులు ఉండలేదు. పదకొండో రోజు పొద్దున్నే బయటికి వచ్చాడు. డబ్బాలో ఉప్మా ఉంది, అక్కడే ఆ చెట్టు కిందే కూర్చుని మొత్తం తినేశాడు.